అపరిచితుల ముఖాలు, చిత్రకారుడి శైలి

పరిచయం లేని మనిషి రూపచిత్రం వేయడం తేలికని చాలామంది భావిస్తారు, పోలిక కుదరలేదని తప్పుపట్టే బంధువు ఎవరూ ఉండరు గనుక. నిజానికి కష్టం అక్కడే మొదలవుతుంది. తెలిసిన ముఖమైతే జ్ఞాపకం చేతికి సాయం వస్తుంది. అపరిచితుడి విషయంలో ఎదుట కనిపించే వెలుగునీడలు తప్ప మరో ఆధారం లేకపోవడంతో, కన్ను శ్రద్ధగా చూడని చోటల్లా చెయ్యి తనకు అలవాటైన ముక్కునూ పెదవులనూ గీసేస్తుంది. ఆ అలవాటునే సొంత శైలి అని పొరబడడం వర్ధమాన చిత్రకారులకు ఎదురయ్యే పెద్ద ప్రమాదం.

1950లలో అమెరికాలో చిత్రకారుల చేతికి వచ్చిన నీటి అక్రిలిక్ ఈ ప్రమాదాన్ని మరింత పెంచుతుంది. వర్ణద్రవ్యపు పొడిని, నీటిలో తేలియాడే అతిసూక్ష్మమైన ప్లాస్టిక్ రేణువులతో కలిపితే తయారయ్యే రంగు ఇది. నీరు ఆవిరైన కొద్దీ ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొరగా గట్టిపడతాయి, ఆ తర్వాత తడిపినా కరగవు. పలుచని పూత నిమిషాల్లో ఆరిపోతుంది కాబట్టి, తైలవర్ణాలలో మాదిరిగా చెంప మీది వెలుగును తీరిగ్గా నీడలోకి కలుపుకుంటూ పోవడం ఇక్కడ సాగదు, ఆ తొందరలో చెయ్యి పాత అలవాటు వైపే మొగ్గుతుంది. పైగా రంగును పట్టి ఉంచే బైండర్ తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉండి, ఆరాక పారదర్శకమవుతుంది గనుక, పాలెట్ మీద సరిగ్గా కుదిరిన ఛాయ కాన్వాస్ మీద ఒక మెట్టు ముదురుగా తేలుతుంది. అందుకే అనుభవజ్ఞులు కలిపిన రంగును ముందు ఒక కాగితపు ముక్క మీద పూసి, ఆరనిచ్చి, ఆ తర్వాతే ముఖం మీదికి తీసుకువెళతారు.

వెలుగూ నీడా కలిసే అంచును ఏం చేయాలన్న ప్రశ్నకు అక్రిలిక్ చిత్రకారులందరూ జవాబు వెతుక్కోవలసిందే. కొందరు దాన్ని పదునుగానే వదిలేస్తారు, కొందరు సన్నని గీతలను పక్కపక్కన అల్లి మెత్తబరుస్తారు, మరికొందరు గ్లేజ్ అనే పారదర్శక పూతలను ఒకదాని మీద ఒకటి వేస్తారు. శైలి పుట్టేది ఇటువంటి జవాబుల నుంచే. బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 2016లో లండన్ రాయల్ అకాడమీలో ప్రదర్శించిన 82 రూపచిత్రాలలో కుర్చీ ఒక్కటే, కాన్వాస్ కొలత ఒక్కటే, ఒక్కొక్కరికి ఇచ్చిన వ్యవధి దాదాపు మూడు రోజులు. ఇన్ని సంగతులు స్థిరంగా ఉన్నందువల్లే కూర్చున్న తీరులో, చేతులు పెట్టుకున్న పద్ధతిలో మనిషికీ మనిషికీ ఉన్న తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఒంటిరంగు దగ్గర మరింత జాగ్రత్త అవసరం. చర్మవర్ణం పేరుతో ట్యూబులలో అమ్మే లేత గులాబీ రంగు మన ముఖాలకు పనికిరాదు. బర్న్‌ట్ సియెనా అనే ఎర్రమట్టి ఛాయకు అల్ట్రామెరీన్ నీలాన్ని కలిపితే చామనఛాయకు తగిన లోతైన నీడ దొరుకుతుంది. కానీ నుదుటి మీది మెరుపు కోసం అందులో తెలుపు మాత్రమే కలిపితే ముఖం బూడిద పూసినట్టవుతుంది. నలుపు తేలిన చర్మం మీద మెరుపు చాలావరకు చుట్టూ ఉన్న వెలుగు ప్రతిఫలనమే కాబట్టి, ఆరుబయట నీడలో అది ఆకాశపు నీలిని పట్టుకుంటుంది. అక్రిలిక్‌తో విస్తారంగా పనిచేసిన అమెరికన్ చిత్రకారుడు కెర్రీ జేమ్స్ మార్షల్ నల్లని మనుషులను నలుపుతోనే చిత్రిస్తూ, వేర్వేరు నలుపులను వాడి ఆ ఒక్క రంగులోనే ఎన్ని ఛాయలున్నాయో నిరూపించారు.

తెలుగు నేల మీద శైలి అనగానే గుర్తుకువచ్చే పేరు తోట వైకుంఠం. పెద్ద బొట్టు, ముదురు ఎరుపు చీర, నిండైన ఒళ్లు గల ఆయన తెలంగాణ స్త్రీలు ఒకరినొకరు పోలి ఉంటారు, ఉండాలి కూడా, ఎందుకంటే వారు ఒక ఊరి జీవనానికి ప్రతీకలు. ఆ పద్ధతిని అరువు తెచ్చుకుని బస్టాండులో కనిపించిన ఒక పూలమ్మే ఆమె ముఖానికి తగిలిస్తే, వైకుంఠం శైలీ మిగలదు, ఆమే మిగలదు.

కాబట్టి అపరిచితులను చిత్రించేవారు ముందు వారి అనుమతి అడగాలి. ఫొటో ఆధారంగా వేసేటట్లయితే ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టకూడదు, అలా తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కిపోతాయి. చిత్రాలు పూర్తయ్యాక వాటిని వరసగా నిలబెట్టి చూడాలి. ఒకరి కన్ను మరొకరి ముఖంలో ఇట్టే ఇమిడిపోతున్నట్టు కనిపిస్తే, ఆ చిత్రాలను మళ్లీ మొదటి నుంచి వేయాలి.