బండి ఇచ్చిన మర్నాడు

చేత్తో తిప్పే మూడు చక్రాల బండిలో ముందు వదులయ్యేది చైను. తర్వాత బేరింగులు. రెండో వానాకాలానికి సీటు రెగ్జిన్ చిరుగుతుంది. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్లో నాకు బాగా తెలిసిన సైకిల్ మెకానిక్ చెప్పే లెక్క ఇది. హైదరాబాద్ రోడ్డు మీద లారీల రొదలో కూర్చుని ఆయన చేసే పనిని చూస్తూ నిలబడటం నాకు అలవాటు.

మొన్న ఒకావిడ వచ్చింది. చిన్నప్పుడు పోలియో వచ్చిందట. చైను బిగించమంది. ఆయన చైను ముట్టుకోలేదు. "అక్కా, ఓసారి కూర్చుని అటు మలుపుదాకా తిప్పుకు రా" అన్నాడు. ఆవిడ తిప్పుతుంటే చేతుల్నే చూశాడు. "చైను సంగతి తర్వాత. హ్యాండిల్ నీకు అందట్లేదు. ప్రతిసారీ ముందుకు వంగుతున్నావు. రాత్రిళ్లు భుజం లాగట్లా?" లాగుతోందంది. బండి వచ్చినప్పట్నుంచీ అంతేనంది. సీటు బోల్టులు విప్పి, చట్రానికి కొత్త బెజ్జాలు వేసి, సీటును ముందుకు జరిపాడు. కాళ్లు పెట్టుకునే పలకనూ దానికి తగ్గట్టు మార్చాడు. చైను చివర్లో బిగించాడు.

ఆ పని విలువ మనకి ఇంకా తెలియలేదని నా బాధ. ఇలాంటి బండ్లు తయారుచేసే అలింకో సంస్థను కాన్పూర్లో 1972లో పెట్టారు. పరికరాలు ఉచితంగా ఇచ్చే కేంద్ర పథకం, అడిప్, 1981 నుంచి ఉంది. ఇవి లేకపోతే ఎంతోమంది గడప దాటేవాళ్లు కాదు, ఆ మాట గట్టిగానే చెప్పాలి. కానీ ఒకసారి తీసుకున్న పెద్దవాళ్లకి అదే అవసరానికి మళ్లీ మూడేళ్లదాకా ఇవ్వరు. చైను మూడేళ్లు ఆగదు. ఇక కొలతల సంగతి ఎవరూ ఎత్తరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఇలాంటి సాధనాలు కావలసినవాళ్లు 250 కోట్ల మందికి పైనే. ఆ లెక్కలో కళ్లజోళ్లు కూడా ఉన్నాయి. కళ్లజోళ్లను ఒకే పవరుతో ఊరందరికీ పంచితే ఊరుకుంటామా?

జైపూర్ కాలు అనే కృత్రిమ కాలు మన పల్లెల్లో అంతగా నిలబడటానికి కారణం కొలతలే కాదు, బతుకుని చూసి చేయడం. డాక్టర్ పి.కె. సేథీ, చేతిపని తెలిసిన రామచంద్ర శర్మ కలిసి 1960ల చివర్లో దాన్ని రూపొందించారు. అంతకుముందున్న కాలికి బూటు తప్పనిసరి. దానితో గొంతుకూర్చోలేరు, బాసింపట్టు వేయలేరు. రబ్బరు పాదంతో ఉత్త కాళ్లతోనే నడవొచ్చు, పొలం బురదలోనూ దిగొచ్చు. పై భాగానికి వాడే హెచ్‌డీపీఈ పైపు మన డెల్టా రైతుకి కొత్తది కాదు. 'మయూరి' సినిమాలో సుధాచంద్రన్ ఆ కాలితోనే ఆడారు. సినిమా అందరికీ గుర్తుంది గానీ శర్మ పేరు ఎంతమందికి తెలుసు?

పరికరం చేతికిస్తే చాలదు; చూపులేనివారి ఫోనుదీ ఇదే కథ. తెరమీది అక్షరాల్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్ చాలా ఫోన్లలో ముందే ఉంటుంది. అది ఆన్ చేయగానే వేళ్ల వాడకం మొత్తం మారిపోతుంది. రెండు వేళ్లతో జరపాలి, రెండుసార్లు తట్టాలి. పక్కన కూర్చుని నేర్పే మనిషి లేకపోతే గంటలో విసుగొచ్చి ఆపేస్తారు.

ఆ మనిషి ఎక్కడ దొరుకుతాడు? నేను చూసినంతలో, వైకల్య ధ్రువపత్రం కోసం సదరం పరీక్షకి వచ్చినవాళ్లు కూర్చునే ఆసుపత్రి బయటి బెంచీల మీద. ఏ దిండు వేసుకుంటే పుండ్లు పడవో, చంకకర్ర కింద రబ్బరు బుడిపె ఎక్కడ దొరుకుతుందో అక్కడ ఒకరికొకరు చెప్పుకుంటారు. ఆ మాటల్లో ఉన్నంత సాయం ఏ కరపత్రంలోనూ నాకు కనపడలేదు.

2024 జూలై నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలు. మంచిదే. బండి మరమ్మతు కూడా అందులోంచే పెట్టుకోమనడం మాత్రం న్యాయం కాదు. విజయవాడ ఆటోనగర్ అందుబాటులో ఉన్న మనకి పనివాళ్ల కొరత లేదు. ఈసారి మండలంలో పరికరాల శిబిరం పెట్టినప్పుడు ఒక మెకానిక్‌నీ, వెల్డింగ్ సెట్టునీ కూడా పిలిపించండి. ఫొటో కంటే ముందు ప్రతి ఒక్కరిచేతా బండి పది నిమిషాలు తిప్పించి చూడండి. పాడైతే ఏ షాపుకి వెళ్లాలో కాగితం మీద రాసివ్వండి. ఆ షాపు బిల్లు సర్కారే కట్టాలి.