‘జరిగిన కథ’ చదివితే చాలా?

వారపత్రికలో సీరియల్‌ని పన్నెండో వారంలో అందుకున్న వాళ్ల అవస్థ మన ఆడవాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పైన చిన్న అక్షరాలతో ‘జరిగిన కథ’ అని నాలుగు ముక్కలు వేస్తారు. ఎవరు ఎవరికి ఏమవుతారో అర్థమవుతుంది. కానీ ఆ అమ్మాయి పుట్టింటి గడప ఎందుకు దిగిందో, దిగేటప్పుడు వెనక్కి తిరిగి చూసిందో లేదో అందులో ఉండదు. అది తెలియాలంటే పక్కింటివాళ్ల అటక మీది పాత సంచికలు దించాల్సిందే!

2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏ.డి.’ చూసిన పిల్లలు ఇప్పుడు సరిగ్గా ఆ స్థితిలోనే ఉన్నారు. నాగ్ అశ్విన్ తీసిన ఈ సైన్స్ ఫిక్షన్ సినిమా కురుక్షేత్రంలో మొదలై ఒక్క గంతులో ఆరువేల ఏళ్లు దాటేస్తుంది. పంచాంగం లెక్కన కలియుగం పుట్టింది క్రీస్తుపూర్వం 3102లో. అక్కణ్ణించి ఆరువేల ఏళ్లు లెక్కపెట్టండి, పేరులోని 2898 వచ్చేస్తుంది. మాట్లాడే కారు, ఎగిరే యంత్రాలు, వాటి మధ్య ఇంకా చావని అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్. తిరుపతిలో డిగ్రీ చదువుతున్న మా అన్న కూతురు సినిమా మూడుసార్లు చూసి, “అత్తా, ఈయప్ప పాత కథంతా యాడుండాది? ఏది ముందు చదవాల?” అని అడిగింది. మీ ఇళ్లలోనూ ఇలాంటి ప్రశ్న వినబడే ఉంటుంది.

పెద్దవాళ్లు దీనికి రెండు రకాల జవాబులు చెబుతారు. ఒకటి, ‘సినిమావాళ్లు కథంతా మార్చి పారేశారు, దాన్ని నమ్మొద్దు’ అనడం. రెండోది, నాలుగు వాక్యాల్లో సంగతి తేల్చేసి వంటింట్లోకి వెళ్లిపోవడం. మార్చడం కొత్తేం కాదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో శశిరేఖ పెళ్లి వ్యాసభారతంలో లేదు. దూరాన ఉన్న మనిషిని చూపించే ప్రియదర్శిని పెట్టె అంతకన్నా లేదు. అయినా ఆ సినిమాని ఏ అమ్మమ్మా కాదనలేదు. ఇక నాలుగు వాక్యాల జవాబు ఉత్త ‘జరిగిన కథ’. రెండూ చాలవని నా అభిప్రాయం. ఎందుకంటారా? పాత సంచికలు దించి చూద్దాం రండి.

మొదటిది సౌప్తికపర్వం. తిక్కన తెలుగు చేసిన పదిహేను పర్వాల్లో ఇదొకటి. యుద్ధం అయిపోయిన రాత్రి అశ్వత్థామ శిబిరంలో జొరబడి, నిద్రపోతున్న ద్రౌపది కొడుకులు ఐదుగురినీ చంపేశాడు. వ్యాసుడి ద్రౌపది ఏడ్చి ఊరుకోలేదు. అతని తలలోని మణి తెచ్చి చూపిస్తే గానీ లేవనని ప్రాయోపవేశానికి కూర్చుంది. మణి వచ్చాక ధర్మరాజు తలమీద పెట్టించింది. అశ్వత్థామ అస్త్రాన్ని పాండవుల ఇంటి ఆడవాళ్ల గర్భాల మీదికి మళ్లిస్తే, మూడువేల ఏళ్లు ఒంటరిగా తిరగమని కృష్ణుడు శపించాడు. మన పంచాంగం లెక్క ఇక్కడా వేస్తే, ఆ శిక్ష క్రీస్తు పుట్టకముందే తీరిపోయింది. నన్నయ ఘంటం పట్టేనాటికే అశ్వత్థామకి విడుదల అయిపోయిందన్నమాట!

రెండోది భాగవతం ప్రథమస్కంధం. దీన్ని పోతన తెలుగులో అందరికీ దగ్గర చేశాడు. ఇక్కడ అర్జునుడు అశ్వత్థామని కట్టి తెచ్చి ద్రౌపది ముందు నిలబెడతాడు. ఆమె చంపమనదు. నేనిప్పుడు ఏడుస్తున్నట్టే ఇతని తల్లి కృపి కూడా ఏడవాలా, వదిలెయ్యండి అంటుంది. అదే ద్రౌపది, అదే దుఃఖం, తీర్పు మాత్రం వేరు. ఆ దయ పొంది బయటపడ్డవాడు తర్వాత ఉత్తర గర్భం మీదికే అస్త్రం వేశాడు. ఉత్తర మూల కూర్చుని వణకలేదు. కృష్ణుడి దగ్గరికి పరుగెత్తి, నన్ను కాల్చినా సరే, నా బిడ్డని నిలబెట్టమని అడిగింది. ఆ బిడ్డే పరీక్షిత్తు. భాగవతం విన్నది అతను, భారతం విన్నది అతని కొడుకు జనమేజయుడు. అంటే ఆ రోజు ఉత్తర అడగకపోతే ఈ కథలు వినడానికి మనిషే మిగిలేవాడు కాదు.

ఈ రెండూ చదివి మళ్లీ సినిమా చూస్తే, దర్శకుడు పట్టుకున్న కీలకం నాకు స్పష్టంగా కనిపించింది. గర్భం మీద అస్త్రం వేసినవాడికి, ఆరువేల ఏళ్ల తర్వాత ఒక గర్భవతికి కాపలా కాసే పని అప్పగించాడు. ఇది వ్యాసుడిలో లేదు, భాగవతంలో లేదు. అయినా న్యాయమైన కల్పన. దీన్ని నేను మనసారా మెచ్చుకుంటాను.

మెచ్చుకోలేనిది కూడా ఒకటుంది. ఐదుగురు కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లి మాట సినిమాలో వినబడదు. ఉత్తర కొద్ది క్షణాలే కనిపిస్తుంది. కాంప్లెక్స్‌లో ఆడవాళ్లని ప్రయోగాలకి వాడుకుని, వాళ్ల గర్భాల్లోంచి సారం తీసే ఘోరాన్ని చూపించిన సినిమా, దీపికా పదుకొణే వేసిన సుమతిని మాత్రం ఎక్కువసేపు మౌనంగానే ఉంచింది. ఆమె నిప్పుల్లోంచి నడిచివచ్చే దృశ్యం కన్నుల పండుగే. కానీ ఆమెకి ఏం కావాలో అడిగినవాళ్లు తక్కువ.

నిప్పుల్లో నడక మా చిత్తూరు, తిరుపతి పల్లెలకి కొత్త కాదు. ఇక్కడ వేసవిలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం పెడతారు. చాలాచోట్ల పద్ధెనిమిది రోజులు, పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. అర్జున తపస్సు నాడు ఎత్తయిన మాను ఎక్కిన అర్జునుడి వేషగాడు నిమ్మకాయలు, విభూతి విసురుతుంటే, పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద పడుకుని ఉంటారు. మా చుట్టాలావిడ ఒకామె మూడేళ్లు వరసగా అలా పడుకుంది. ‘ఫలించిందా?’ అని ఊరంతా అడిగింది. ‘నీ మనసులో ఏముంది?’ అని ఒక్కరూ అడగలేదు. కానీ అదే ఉత్సవంలో దుర్యోధన వధ నాడు, మట్టితో చేసిన పెద్ద బొమ్మ తొడని భీముడు కొట్టాక, విరబోసుకున్న జుట్టు ముడుచుకునేది ద్రౌపదే. అన్ని వేల మంది ఎండలో నిలబడి ఎదురుచూసేది ఆ ముడి కోసమే. అక్కడ మాత్రం ఆమె పంతానిదే పైచేయి.

అందుకే పాత కథలు సినిమా అర్థం కావడానికి చదివే సంక్షేపం కాదంటాను. అవి ఒకదానితో ఒకటి వాదులాడుకుంటాయి, సినిమాతోనూ వాదిస్తాయి. ఒకదాంట్లో నోరు మూసుకున్న మనిషి ఇంకోదాంట్లో గట్టిగా మాట్లాడుతుంది. మీ ఇంట్లో పిల్లలు ఏది ముందు చదవాలని అడిగితే, వరస గురించి బెంగపెట్టుకోకండి. పద్యానికి బెదిరేవాళ్లకి పురిపండా అప్పలస్వామిగారి ‘వ్యావహారికాంధ్ర మహాభారతం’ వచనంలో ఉంది. ఓపిక ఉన్నవాళ్లకి టి.టి.డి. వారు తాత్పర్యాలతో వేసిన కవిత్రయ భారతం ఉంది. వీలైతే ఒక వేసవి రాత్రి మావైపు వీధినాటకానికీ తీసుకురండి. వాళ్లు సినిమా రెండో భాగానికి వెళ్లేటప్పుడు, సుమతి ఈసారైనా ఏమంటుందో వినాలన్న కోరిక వెంట తీసుకెళ్తే, అటక ఎక్కి పాత సంచికలు దించిన శ్రమ దక్కినట్టే.