ఆటోస్క్లెరోసిస్: ఒక పేరుపై విమర్శ

'ఆటోస్క్లెరోసిస్' అనగా చెవి ఎముక గట్టిపడుట. తరగతిలో ఇంతమాత్రమే చెప్పినచో విద్యార్థి సగమే నేర్చును. సూక్ష్మదర్శినిలో చూచినచో వ్యాధి ఎముకను తినివేయుటతో మొదలగును. ఆస్టియోక్లాస్టు కణములు రక్తనాళముల చుట్టునున్న ఎముకను కరిగించును. ఖాళీలు పెద్దవై ఎముక స్పంజివలె నగును. హెమటాక్సిలిన్ రంగు వేసిన పలకపై క్రొత్తగా ఏర్పడిన లేత ఎముక నీలముగా కనబడును. దట్టమైన ఎముక తరువాతి మాట. అందుకే సీబెన్‌మన్ 1912లో 'ఆటోస్పాంజియోసిస్' అనెను. అదియు తొలిదశకే చెల్లును గదా! అయినను ఇది నడిచెవి వాపు ఫలితము కాదు, ఎముకలోనే పుట్టు వ్యాధియని 1894లో చాటిన పొలిట్జర్ ఘనతకు లోటులేదు.

ఈ పెరుగుదల సాధారణముగా అండాకార గవాక్షము ముందు పుట్టి, సుమారు 3 మిల్లీమీటర్ల అంకవన్నె ఎముక పాదమును చేరినప్పుడు దానిని బిగించివేయును. ధ్వని లోనికి సరిగా పోదు.

నగరి మరమగ్గముల వంటి మోతలో ఏండ్ల తరబడి పనిచేయుటవలన కలుగు చెవుడు వేరు. అందు చెడునవి కోక్లియాలోని రోమకణములు. ఆటోస్క్లెరోసిస్ రోగికో, చిత్రముగా, మోతలోనే మాటలు మెరుగుగా వినబడవచ్చును, ఏలన అందరును గొంతెత్తి మాట్లాడుదురు. రెంటిని 'చెవుడు' అని ఒకే గాట కట్టరాదు. బిగిసిన అంకవన్నెకు బదులు టెఫ్లాన్ ముక్కను జాన్ షే 1956లోనే అమర్చెను. చచ్చిన రోమకణములు మనుష్యునిలో మరల మొలవవు.