నల్ల జిగురు కింద దాగిన పనితనం

క్లాన్ సెంటార్ అనే గిటార్ పెడల్ మూత విప్పితే సర్క్యూట్ కనిపించదు. బోర్డును కప్పేస్తూ నల్లటి ఎపాక్సీ రాయిలా గట్టిపడి ఉంటుంది. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో బిల్ ఫిన్నెగన్ 1994 చివర్లో దీన్ని అమ్మడం మొదలుపెట్టారు. రూపకల్పనలో ఎంఐటీలో చదివిన ఫ్రెడ్ ఫెన్నింగ్ చెయ్యి ఉంది. కాపీ కొడతారన్న భయంతోనే ఆ జిగురు పోశారు. ఫిన్నెగన్ చేసినవి దాదాపు 8,000. తయారీ ఆగాక పాతవాటి ధర వేల డాలర్లకు పోయింది. లోపల ఏదో మాయ ఉందన్న పుకారూ దాంతోపాటే పెరిగింది.

చివరికి కొందరు తెగించారు. ఎపాక్సీని వేడిచేసి మెత్తబరిచి, భాగాలు ఊడిపోకుండా కొంచెం కొంచెంగా గీకాలి. రెసిస్టర్ల రంగు చారలు చదవాలి, గుర్తులు చెరిగిపోయిన వాటిని కొలవాలి, మల్టీమీటర్ ప్రోబ్ పెట్టి ఏ కాలు ఎక్కడికి వెళ్తోందో బీప్ వింటూ కాగితం మీద గీసుకోవాలి. అంత ఖరీదైన వస్తువును పాడుచేయడానికి సిద్ధపడ్డవాళ్లే ఈ పని చేయగలరు. 2000ల చివరికల్లా పూర్తి డయాగ్రామ్ బయటపడింది.

చూస్తే టీఎల్072 ఆప్-ఆంప్ చిప్‌లు, మామూలు రెసిస్టర్లు, కెపాసిటర్లు. ఏ ఎలక్ట్రానిక్స్ కొట్లోనైనా దొరికే సరుకే ఎక్కువ. నాకు ముచ్చటేసేది గెయిన్ నాబ్. దాని వెనక ఒకే ఇరుసుకు రెండు పొటెన్షియోమీటర్లు ఉన్నాయి. నాబ్ తిప్పేకొద్దీ ఒకటి వక్రీకరణ పెంచుతుంది, రెండోది అసలు గిటార్ ధ్వనిని తగ్గిస్తుంది. ఆ రెండు ధ్వనులూ చివర్లో కలుస్తాయి కాబట్టే మీటిన తీగ స్పష్టత పోదు. వాయించేవాడికి మాత్రం ఇది ఒక్క నాబే.

కరెంటు సంగతి ఇంకా పొదుపైనది. 9 వోల్టుల నుంచి ఒక చిన్న చిప్ మైనస్ 9, ప్లస్ 18 వోల్టులు పుట్టిస్తుంది. అంటే మొత్తం 27. దాన్ని సర్క్యూట్ అంతటికీ పంచలేదు. ధ్వనులు కలిసే చివరి దశకే ఇచ్చారు. ఎందుకంటే అక్కడే సిగ్నల్‌కు తల ఎత్తడానికి చోటు కావాలి. ముందు దశకు 9 చాలు.

ఇక ఎంతో రభస జరిగిన జెర్మేనియం డయోడ్లు. తరంగం కొసలు కోసి వక్రీకరణ పుట్టించేవి ఇవే. సిలికాన్‌వి 0.6 వోల్టుల దగ్గర తరంగాన్ని కోస్తే ఇవి సుమారు సగం దగ్గరే కోస్తాయి. తేడా నిజమే. కానీ చాలామంది గెయిన్ తగ్గించి, ట్యూబ్ ఆంప్లిఫయర్‌ను తొయ్యడానికే ఈ పెడల్ వాడతారు. అప్పుడు ఆ డయోడ్లకు పెద్దగా పనే పడదు! అయినా ఫిన్నెగన్ వాటిని వదల్లేదు. 2012లో వచ్చిన కేటీఆర్ పెడల్‌లో మిగతా భాగాలను గింజలంత చిన్న సర్ఫేస్-మౌంట్ రకానికి మార్చి, డయోడ్లు మాత్రం పాతవే ఉంచారు. ఈ వెర్రి ఆర్భాటానికి బాధ్యుణ్ణి నేను కానని ఆ పెట్టె మీదే అచ్చువేయించారు కూడా.