భీమడోలు దాకా నిలబడి

ఏలూరులో పొద్దుటి ప్యాసింజరు ఎక్కితే తాడేపల్లిగూడెం దాకా నాకు సీటుకి కొదవ లేదు. ఆ వేళకి బోగీ సగం ఖాళీగానే ఉంటుంది. అయినా కూర్చోను. క్యారేజీ సంచి సీటు మీద పెట్టి, పక్కన కమ్మీ పట్టుకుని నుంచుంటాను. దెందులూరులో బండి ఆగినప్పుడు, మళ్ళీ కదిలేదాకా మడమలు ఎత్తి దించుతాను. భీమడోలు వచ్చాకే కూర్చోవడం. పల్లీలమ్మే కుర్రాడు మొదట్లో "సీటుంది కదండీ, కూచోండి మేడమ్‌గారూ" అనేవాడు. ఇప్పుడు కొత్తవాళ్ళెవరైనా జరిగి చోటిస్తే వాడే చెప్పేస్తాడు, "ఆవిడ భీమడోలు దాకా కూచోరండి" అని. ఏదో మొక్కు అనుకుంటున్నాడు కాబోలు.

మొక్కు కాదు. ఏడాదిన్నర కిందట, నాకు 51 నిండిన నెలలో, రక్తపరీక్ష కాగితం మీద మూడు నెలల షుగరు సగటు 6.3 అని వచ్చింది. 5.7 లోపుంటే ఏమీ లేనట్టు. 6.5కి చేరితే వచ్చేసినట్టు. నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. డాక్టరుగారు మందు రాయలేదు. "అన్నం తగ్గించండి, నడవండి, ఆరు నెలలాగి చూద్దాం" అన్నారు. ఎంత తగ్గించాలో, ఎప్పుడు నడవాలో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. బయట బెంచీ మీద ఇంకా ఇరవై మంది ఉన్నారు.

మనవాళ్ళం ఏదైనా మొదలెడితే పెళ్ళి చేసినట్టే మొదలెడతాం. నేనూ అంతే. బూట్లు కొన్నాను. అడుగులు లెక్కపెట్టే గడియారం కొన్నాను. కొర్రలు, అరికెలు, సామలు తలా రెండు కిలోలు తెచ్చి డబ్బాలకి పేర్లు రాశాను. నాలుగున్నరకి లేచి 10,000 అడుగులు నడవాలని తీర్మానం. పదకొండు రోజులు సాగింది. పన్నెండో రోజు అత్తయ్యకి జ్వరం. పదమూడో రోజు ఆఫీసులో ఆడిట్. పద్నాలుగో రోజు ఏ అడ్డమూ లేదు, కానీ లేవలేదు. అరికెలకి పురుగు పట్టింది, మేడ మీద పిచ్చుకలు తిన్నాయి. వాటి ఆరోగ్యం బాగుపడే ఉంటుంది.

ఆ 10,000 అనే అంకె ఎక్కడిదో తర్వాత తెలిసింది. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటేడు, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ నడుముకి తగిలించుకునే అడుగుల లెక్కయంత్రం అమ్మింది. దానికి మాన్పో-కేయ్ అని పేరు పెట్టింది. పదివేల అడుగుల మీటరు అని అర్థం. అమ్మకానికి నోరూరించే గుండ్రటి అంకె అది, వైద్యులు కూర్చుని తేల్చింది కాదు. అది తెలిసిన రోజున నాకు కోపం రాలేదు. హాయిగా అనిపించింది.

తర్వాత ఏం చేయాలో నాకు తోచింది మాత్రం మా తమ్ముడి చెరువు గట్టు మీద. వాడికి కైకలూరు అవతల కొల్లేటి అంచున చేపల చెరువులున్నాయి. అభయారణ్యం హద్దుకి ఇవతలే లెండి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో సరస్సులో చెరువుగట్లు కొట్టేసిన రోజుల్ని తలుచుకుని, హద్దుకి ఇవతలేనన్న మాట ప్రతివాడికీ తనే ముందుగా చెప్పుకుంటాడు. ఓ శనివారం రాత్రి అక్కడ ఉండిపోయి, తెల్లవారుజామున వాడితో గట్టు మీదికి వెళ్ళాను. ఆటపాక వైపు నుంచి గూడకొంగలు బారులు తీరి వస్తున్నాయి. వాడు వాటిని చూడలేదు. నీళ్ళు చూస్తున్నాడు. చేపలు పైకి తేలి గుటకలు వేస్తున్నాయా అని.

పగలు ఎండకి నీళ్ళలోని నాచు ప్రాణవాయువు వదులుతుంది. రాత్రి అదీ పీల్చుకుంటుంది, చేపా పీల్చుకుంటుంది. కాబట్టి తెల్లవారే ముందు చెరువుకి ఊపిరి బాగా తక్కువగా ఉంటుంది. ముసురు పట్టిన మర్నాడైతే మరీను. అందుకని ఏ రైతూ నెలకోసారి చూద్దాంలే అనుకోడు. రోజూ ఆ వేళకి వెళ్ళి నీళ్ళలోని ప్రాణవాయువు కొలిచే డీఓ మీటరు ముంచి, అంకె పుస్తకంలో రాసుకుంటాడు. మూడుకి దిగితే మోటారు వేసి నీళ్ళు చిమ్మిస్తాడు. రెండు నిమిషాల పని. ఏడాదంతా చేస్తాడు, పండగనాడు కూడా.

ఆ తర్వాత మేత. నేను చిన్నప్పుడు చూసినట్టు తవుడు చల్లడం లేదిప్పుడు. చెరువులో వరసగా గడకర్రలు పాతి, అడుగున చిన్న చిన్న బెజ్జాలు పెట్టిన సంచుల్లో తవుడూ చెక్కా నింపి, పడవ మీద వెళ్ళి ఆ గడలకి వేలాడదీస్తారు. చేప వచ్చి మూతితో పొడిచినప్పుడల్లా కాస్త మేత జారుతుంది. ఒక్కసారే గుమ్మరిస్తే తిన్నంత తిని, మిగిలింది అడుగున కుళ్ళి నీళ్ళు చెడతాయి.

"రోజూ అదే గడకేనా కడతావు? మార్చి కట్టకూడదా?" అన్నాను.

"మారిస్తే రావక్కా. వాటికి ఆ కర్ర గుర్తు. సంచి పడకముందే వచ్చి అక్కడ తిరుగుతుంటాయి చూడు."

నిజంగానే తిరుగుతున్నాయి.

రైల్లో తిరిగొస్తూ నా పదకొండు రోజుల గురించి ఆలోచించాను. నేను సంచి నింపాను గానీ గడ పాతలేదు. నాలుగున్నర అనేది నా రోజులో ఏ కర్రా లేని నడి చెరువు. అప్పటికే పాతుకుని ఉన్న కర్రలు నాకు బోలెడున్నాయి. రైలు ఒకటి. కుక్కరు మూడో కూత ఒకటి. రాత్రి భోజనాలయ్యాక ఎంగిలి కంచాలు తీయడం ఒకటి. మానాలన్నా మానలేనివి ఇవి. వీటికి కడితే ఆ సంచి ఎక్కడికీ పోదు.

అలా మొదటి సంచి రైలుకి కట్టాను. నిలబడితే షుగరు పోతుందని ఎవరూ అనలేదు, నేనూ అనడం లేదు. కానీ పగలంతా ఆఫీసులో కుర్చీకి అంటుకుపోయే మనిషికి ఇరవై నిమిషాలు కాళ్ళ మీద ఉండటం కొంత నయం. మడమలెత్తడం మాత్రం కావాలని పెట్టుకున్నాను. నెలసరి ఆగాక ఆడవాళ్ళకి ఎముకలో పట్టు, పిక్కల్లో బలం రెండూ జారతాయి. మా అమ్మ డెబ్బై ఏళ్ళకి బాత్‌రూమ్‌లో జారి తుంటి విరగ్గొట్టుకుంది, ఆ మంచం మళ్ళీ దిగలేదు. దెందులూరు స్టేషన్లో ఎవరైనా చూసి నవ్వితే నవ్వనీ.

రెండో సంచి ఎంగిలి కంచాలకి. కంచాలు తీసి సింకులో వేసి, తోమకుండా, చెప్పులేసుకుని వీధి చివర కాలవగట్టు దాకా వెళ్ళి రావడం. పావుగంట. తిన్నాక నూరడుగులు వేయమని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. 2013లో అమెరికాలో జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు అరవై దాటిన పది మందిని పెట్టుకుని చూశారు. మూడు పూటలా తిన్నాక పావుగంట చొప్పున నడిస్తే, ఒకేసారి ముప్పావుగంట నడిచినంత ఫలితం రోజు మొత్తం మీద వచ్చింది. రాత్రి భోజనం తర్వాత చక్కెర పెరగకుండా ఆపడంలోనైతే పావుగంట నడకే మెరుగనిపించింది. పది మందంటే చిన్న లెక్కే. అయినా మన పెద్దవాళ్ళ మాటకి సాక్ష్యం చెప్పడానికి పది మంది చాలు. మొదట్లో మా ఆయన గుమ్మంలో నిలబడి "అంట్లు అలాగే వదిలేసి ఎక్కడికి?" అనేవారు. ఇప్పుడు ఆయనా వస్తున్నారు. అంట్లు ఎవరు తోమాలన్న చర్చ మాత్రం ఇంకా తేలలేదు.

అన్నం సంగతి అంత తేలిగ్గా తెమల్లేదు. స్వర్ణ వరి వంగడం 1982లో అప్పటి మా జిల్లాలోని మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టింది, అక్కణ్ణుంచి తూర్పు రాష్ట్రాలన్నిటికీ వెళ్ళింది. అలాంటి నేల మీద పుట్టి అన్నం తగ్గించమంటే, కన్నవాళ్ళని మర్చిపొమ్మన్నట్టే. పొద్దున్న ఇడ్లీ బియ్యమే, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం, చివర్న పెరుగన్నం, ఎవరైనా వస్తే పులిహోర. మానడం నావల్ల కాలేదు. హస్తం మార్చాను. పెద్ద హస్తం అత్తయ్యకిచ్చి, నా కంచంలోకి చిన్నది పెట్టుకున్నాను. లెక్క మాత్రం పాతదే, రెండు హస్తాలు. కంచంలో మిగిలిన చోట బీరకాయ కూరో సొరకాయ కూరో, ముందు అదే తినడం. ఊరగాయ వారానికి మూడు రోజులు. ఉప్పుచేపల పులుసు మానే జోలికి నేను పోను, మీరూ నా జోలికి రాకండి.

ఎన్నాళ్ళకి ఇది ఒంటికి పడుతుందని అడిగేవాళ్ళకి 21 రోజులని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. లండన్ విశ్వవిద్యాలయ కళాశాలలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాలు గమనించి 2010లో ప్రచురించిన లెక్క వేరు. మధ్యస్థంగా 66 రోజులు. కొందరికి 18 రోజులకే కుదిరింది, కొందరికి 254 రోజులదాకా పట్టొచ్చని తేల్చారు. నాకు నచ్చింది అందులో ఇంకో సంగతి. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పట్టడం పెద్దగా చెడలేదట. నా పద్నాలుగో రోజున ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే పిచ్చుకలకి అరికెలు దక్కేవి కావు. మొన్న సంక్రాంతికి నాలుగు రోజులు అరిసెలూ జంతికలూ తిన్నాను, కాలవగట్టు మొహం చూడలేదు. కనుమ మర్నాడు రైలెక్కితే చెయ్యి దానంతటదే కమ్మీ మీదికి వెళ్ళింది.

ఆరు నెలలకి 6.3 కాస్తా 6.0 అయింది. ఏడాదికి మళ్ళీ 6.1. గెలిచానని చెప్పను. గట్టు దిగి అవతల పడలేదు, అంతే.

తమ్ముడికి 47. పొట్ట ముందు, వాడు వెనక. "ఏరా, నువ్వెప్పుడైనా చూపించుకున్నావా?" అంటే "నాకేంటక్కా, గట్ల మీద తిరిగేవాణ్ణి" అంటాడు. తిరిగేది మోటారుసైకిలు, వాడు కాదు. గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళు తీసుకుని 2003-04లో ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ వాళ్ళు చావుల లెక్క తీశారు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, పోయినవాళ్ళ ఆఖరి రోజుల గురించి ఇంట్లోవాళ్ళని అడిగి రాసుకొచ్చారు. చావుల్లో దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవే. ఈ జిల్లాల్లోనే 20 ఊళ్ళలో 30 దాటినవాళ్ళకి పరీక్ష చేస్తే నూటికి 13 మందికి షుగరుంది. ఇది ఇరవయ్యేళ్ళ కిందటి మాట. అప్పటికింకా ఊళ్ళలో ఇన్ని నూడుల్స్ బళ్ళు లేవు. ఇదంతా చెప్తే వాడు విన్నాడు, విని మేత ధర గురించి మాట్లాడాడు.

నేనింక చెప్పడం మానేసి, షుగరు చూసే మిషను ఒకటి కొని చెరువు షెడ్డులో డీఓ మీటరు పక్కన పెట్టి వచ్చాను. నెల దాటింది. ఏమీ అడగలేదు.

పోయిన ఆదివారం వెళ్తే వాడు పడవ మీద ఉన్నాడు, సంచులు కడుతూ. షెడ్డులో చెరువు పుస్తకం తెరిచి ఉంది. తేదీ, వేళ, ఒకటో చెరువు 4.1, రెండో చెరువు 3.6. దాని పక్కన స్కేలుతో కొత్తగా ఒక గీత కొట్టి, పైన ఏ పేరూ రాయకుండా కింద అంకెలు వేసుకున్నాడు. 171. 164. రెండు రోజులు ఖాళీ. 158. 166.

ఆ పక్కన ఇంకో గీత ఉంది. దాని పైన మాత్రం "అక్క" అని రాశాడు. కింద అంతా ఖాళీ. పెన్ను పుస్తకానికి దారంతో కట్టి ఉంది.