పటం వెనకవైపు

ఎవరో ఒక రాజుగారు రైల్వే కార్ఖానాకి వచ్చినప్పటి పాత ఫోటోలో రాజుగారిని వెతకక్కర్లేదు. ఆయన ఎలాగూ నడిమధ్యే ఉంటారు, కింద పేరూ ఉంటుంది. నేను ముందు నేల చూస్తాను. ఆ రోజుల గాజు ప్లేట్లకి ఎరుపు ఆనేది కాదు, అందుకే ఎర్ర తివాచీ పరిచినా బొగ్గు పోసినట్టు నల్లగా పడేది. తర్వాత ఇంజను. ఇంగ్లండు కార్ఖానాల్లో కొత్త ఇంజనుకి ఫోటో తీసేముందు మెరుపు లేని బూడిదరంగు పూసేవారు, రివెట్లతో సహా స్పష్టంగా రావాలని. కొన్నిసార్లు కెమెరా చూసే పక్కకే పూసి ఊరుకునేవారు. ఇవతల పెళ్లికొడుకు, అవతల మామూలు ఇనుము! ఆ తర్వాతే వెనక వరసకి వెళతాను. అక్కడ ఒకరిద్దరి తలలు పొగలా చెదిరి ఉంటాయి. వాళ్లు కదిలారన్నమాట. ఫోటోగ్రాఫరు ఊపిరి బిగబట్టమన్నప్పుడు ఎవరో పిలిస్తే తిరిగారేమో, ఈగ వాలిందేమో.

సికింద్రాబాదు తిరుమలగిరిలో ఉండేవాడికి ఈ పిచ్చి పట్టడం వింత కాదు. లాలాగూడ వర్క్‌షాపు ఇక్కడికి ఆట్టే దూరం లేదు. నిజాం రైల్వే 1893లో పెట్టింది, ఇప్పటికీ బోగీలు అక్కడికి మరమ్మతుకి వస్తూనే ఉన్నాయి. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకి మొదటి రైలు దారి పడింది 1874లో. అప్పటికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఎనిమిదేళ్లు. ఆయన పెద్దవాడయ్యాక కొలువులో పెట్టుకున్న ఫోటోగ్రాఫరు లాలా దీన్‌దయాళ్. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో సర్కారు కొలువు చేస్తూ కెమెరా పట్టినవాడు. మన సికింద్రాబాదులోనూ స్టూడియో పెట్టాడు. నిజాం ఆయనకి ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. ఆయన గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

భద్రత లేనివి మన గోడల మీదున్నవి. అప్పటి స్టూడియోలు ప్రింటుని మందపాటి అట్టకి అతికించి ఇచ్చేవి. స్టూడియో పేరు ఆ అట్ట అంచున ఉండేది. కూర్చున్నవాళ్ల పేర్లు, తేదీ కూడా చాలాసార్లు అక్కడే. వెనకవైపు ఎవరో తీరిగ్గా పెన్సిలుతో ఇంకొన్ని పేర్లు రాసుకునేవారు. లాలాగూడ, మెట్టుగూడ ఇళ్లలో తాతల నాటి గ్రూపు ఫోటోలు ఇలాంటివే. అట్ట పసుపెక్కి అంచులు విరుగుతుంటే మనవలు వాటిని పటం కట్టించడానికి షాపుకి తెస్తారు. అసలు ప్రమాదం ఆ షాపులోనే.

మా లాల్‌బజారు వైపు ఒక షాపులో అలాంటి ఫోటో ఒకటి చూశాను. నడుమ టోపీ పెట్టుకున్న దొర, చుట్టూ కోట్లు, వెనక పనివాళ్లు నాలుగు వరసలు. షాపు కుర్రాడు కత్తి తీసి, "పాత అట్ట పుచ్చిపోయింది సార్, కోసేసి కొత్త ప్లై మీద అతికిస్త. సాఫ్‌గ కనిపిస్తది" అన్నాడు. తప్పు వాడిది కాదు. వాడి పనితనాన్ని మనం కొలిచేదే ఆ శుభ్రంతో. కానీ ఆ రెండంగుళాల అంచు పోతే నాలుగు వరసల మనుషులూ ఒక్కసారిగా ఎవరో అయిపోతారు. దొర పేరు ఏదో ఒక రిజిస్టరులో దొరుకుతుంది. మూడో వరసలో సుత్తి పట్టుకున్నాయన పేరు ఇంకెక్కడా దొరకదు.

పేరుని నమ్మడానికి లేదనే కథ కూడా ఒకటుంది. 1906లో యువరాజుగా హైదరాబాదు చూసి వెళ్లిన ఐదో జార్జి, రాజయ్యాక 1924 ఏప్రిల్ 28న రాణితో కలిసి ఇంగ్లండులో స్విండన్ రైల్వే కార్ఖానాకి వెళ్లాడు. అక్కడ విండ్సర్ కాసిల్ అనే 4082 నంబరు ఇంజనెక్కి తనే స్టేషను దాకా నడిపాడు. ఆ ఫోటోలు చాలా ప్రసిద్ధం. 1952లో ఆయన కొడుకు ఆరో జార్జి పోయినప్పుడు అంతిమయాత్ర రైలుకి ఆ ఇంజనే కావాలనుకున్నారు. అది మరమ్మతులో ఉంది. సరే అని 7013 నంబరు బ్రిస్టల్ కాసిల్‌కి దాని పేరూ నంబరూ తగిలించి పంపేశారు. తర్వాత మళ్లీ మార్చనూ లేదు. పేరొకటి, ఇంజనొకటి. రైళ్ల పిచ్చివాళ్లు ఊరుకుంటారా? రెండింటి కట్టుబడిలో ఉన్న తేడాలు చూసి పట్టేశారు. అందుకే నాకు పేరూ కావాలి, బొమ్మలో రివెట్లూ కావాలి. ఒకటి తప్పితే రెండోది సాక్ష్యం చెబుతుంది.

ఆ షాపులో ఫోటో తెచ్చినాయనతో చొరవగా మాట కలిపాను. కోయించొద్దన్నాను. అట్టతో సహా ఉంచి, గాజు ప్రింటుకి తగలకుండా చుట్టూ ఆమ్లం లేని మౌంటు వేయించమన్నాను. వానాకాలం చెమ్మకి గాజుకి అతుక్కున్న ఫోటోని ఊడదీయడం అంటే చర్మం ఒలవడమే. లామినేషన్ మాట ఎత్తొద్దు, అది చేశాక వెనక్కి తీయలేం. ఎండ పడే గోడ వద్దు. వెనకవైపు రాతలుంటే ప్లైకి బదులు అటూ గాజే వేయించాలి.

కుర్రాడు కత్తి పక్కన పెట్టి, టేపుతో కొలిచి, లెక్క వేశాడు. రెండు గాజులంటే బరువెక్కుతుందట, సన్న బీడింగు ఆపదట, టేకు వేయాలట. ధర విని ఆయన నావైపు చూశాడు, సలహా ఇచ్చింది నేనే కదా. కాస్త బేరమాడి ఒప్పించాను. గోడకి మేకు మాత్రం వద్దని, డ్రిల్లు పెట్టి ప్లగ్గు వేసి స్క్రూ బిగించుకోమని కుర్రాడే చెప్పాడు.