ఏడు గంటల చిత్రం చూడవలెనా?

అమెరికాలో స్థిరపడిన మన వాళ్లలో ఒక తమ్ముడు ఇటీవల నన్ను ఇట్లు అడిగినాడు: "అన్నా, ‘సాతాన్ టాంగో’ అనే చిత్రం ఏడు గంటలకు పైగా ఉన్నదట. వాన, బురద, నడక తప్ప అందులో ఏమీ లేదట. నాకు ఆదివారం ఒక్కటే సెలవు. ఆ ఒక్క రోజును దానికి ఇవ్వవచ్చునా?"

ప్రశ్న న్యాయమైనది. వారమంతా ఒళ్లు వంచి పని చేసేవానికి ఆదివారం చిన్న వస్తువు కాదు. కనుక ఈ పుటలలో దానికి నిదానంగా సమాధానం చెప్పదలచినాను.

ముందుగా చిత్రమేమిటో చెప్పవలెను. హంగరీ దేశపు దర్శకుడు బేలా టార్ 1994లో దీనిని పూర్తి చేసినాడు. నలుపు తెలుపు చిత్రం. లాస్లో క్రస్నహోర్కయి 1985లో ప్రచురించిన నవల దీనికి మూలం. ఆ రచయితకు 2025లో సాహిత్యానికి నోబెల్ బహుమానం లభించినది. నవలకు ఆంగ్లానువాదం 2012లో అమెరికాలో వెలువడినది. పాత చిత్రమును శుభ్రపరచి 2019లో అమెరికాలో మరల విడుదల చేసినప్పుడు న్యూయార్కులోని లింకన్ సెంటరులో నేను చూచినాను.

దీర్ఘ చిత్రాలు అమెరికాకు కొత్త కావు. ఆండీ వార్హోల్ 1964లో న్యూయార్కులోనే ‘ఎంపైర్’ అనే చిత్రం తీసినాడు. ఎనిమిది గంటల పాటు ఎంపైర్ స్టేట్ భవనం తప్ప మరేమీ కనబడదు. కెమెరా కదలదు, శబ్దం లేదు. చీకటి పడును, దీపాలు వెలుగును, చివరకు దీపాలు ఆరును. అది కాలం గడచుటను చూపే చిత్రమని పెద్దలు మెచ్చుకొన్నారు. 2004లో అమెరికా జాతీయ చిత్రాల పట్టికలో దానికి స్థానం కూడా లభించినది. నా మట్టుకు ఆ చిత్రం గురించి తెలిసికొంటే చాలును, కూర్చొని చూడనక్కరలేదు. అందులో కాలం ఉన్నది గాని, ఆ కాలంలో కష్టపడే మనిషి లేడు.

‘సాతాన్ టాంగో’ అట్టిది కాదు. మూతబడిన ఒక సమష్టి వ్యవసాయ క్షేత్రంలో కొద్దిమంది కూలివారు మిగిలి యున్నారు. ఏడాది కష్టానికి రావలసిన డబ్బు కోసం వారు ఎదురుచూచుచున్నారు. ఒకరికి తెలియకుండా ఒకరు ఆ డబ్బుతో పారిపోవలెనని కూడా చూచుచున్నారు. అంతలో చనిపోయినాడని అందరూ నమ్మిన ఇరిమియాష్ అనేవాడు తిరిగి వచ్చుచున్నాడని వార్త. వాడు మాటకారి. ఊరిలో ఒక పసిపిల్ల మరణించినది. వాడు ఆ శవం ముందర నిలిచి, ఈ పాపం మీ అందరిదీ అని వారిని కరిగించి, కొత్త చోట కొత్త బ్రతుకు చూపించెదనని చెప్పి, వారి డబ్బంతా తీసికొనును. వారు సామాను తీసికొని వానలో బయలుదేరుదురు. చేరిన చోట ఒక పాడుబడిన భవనం, చల్లని నేల.

చదువరులారా, ఈ కథ మనకు కొత్తదా? రాయి ఎత్తితే బంగారం దొరుకునని మారిషస్‌కు ఓడ ఎక్కించిన మాట ఇదే గదా! 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడలో మద్రాసు నుండి డర్బనులో దిగినవారు, 1903 నుండి మద్రాసు రేవు నుండి ఫిజీకి వచ్చినవారు ఇటువంటి మాటలే విన్నారు. హంగరీ వారికి ఇరిమియాష్, మన వారికి కూలీలను పోగుచేసే దళారి. పేరు వేరు, నాలుక ఒక్కటే.

ఇక నిడివి సంగతికి వచ్చెదను. ప్రతి సంవత్సరం పూర్వుల రాక దినమున మన సభలలో ఏమని చెప్పుకొందుము? "మన పెద్దలు మోసపోయి వచ్చినారు, కష్టపడినారు, మనలను నిలబెట్టినారు." మూడు ముక్కలలో ముగించి భోజనాలకు లేచెదము. మోసపోయినారు అనే ఆ మాట విన్న పిల్లవానికి ఏమని తోచును? పెద్దలు అమాయకులని, చదువు లేనివారని తోచును. మా ఇంట కుర్రవాడు ఒకడు ఆ మాట నోరు విడిచి అన్నాడు కూడా.

బేలా టార్ ఆ ఒక్క మాటకు ఏడు గంటలు ఇచ్చినాడు. మోసం ఒక్క క్షణంలో జరగదు. అది ఇంటిలోని ఆకలి వలన, రాని జీతం వలన, ఆగని వాన వలన, ప్రక్కవానిపై అనుమానం వలన కొంచెం కొంచెంగా జరుగును. అన్నిటికంటె గొప్ప ఘట్టం ఆ పాడు భవనంలో ఉన్నది. వారికి అనుమానం వచ్చినది. మా డబ్బు మాకిమ్మని ఒకడు నిలదీసినాడు. ఇరిమియాష్ మారు పలుకక డబ్బు తిరిగి ఇచ్చి, వారి అపనమ్మకమునకు నొచ్చుకొన్నట్లు మాట్లాడినాడు. అడిగినవారే సిగ్గుపడి ఆ డబ్బును మరల వాని చేతిలో పెట్టినారు! రెండు గంటల చిత్రంలో ఇది చూచినచో మనకు నవ్వు వచ్చును. ఐదారు గంటలు వారితో కలసి తడిసిన పిమ్మట నవ్వు రాదు. నేనైనా అంతే చేసియుందునని తోచినది. వారు మూర్ఖులు కారు, వారికి వేరే దారి లేదు. ఈ మాట సభలో చెప్పుట తేలిక, నమ్మించుట కష్టం. ఈ చిత్రం నమ్మించినది.

నెమ్మదితనమునకు మరియొక కారణం కూడా ఉన్నది. కూలివాని కాలం కూలివానిది కాదు. మారిషస్‌లో ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. ఫిజీలో రోజుకింత పని అని కొలిచి ఇచ్చి, అది పూర్తి కాకపోతే కూలి ఎగగొట్టేవారు. గిరిమిటు అంటే ఐదేండ్లు లెక్కపెట్టుట. అటువంటి కాలమును గబగబ నడిచే చిత్రంలో చూపలేరు. మొదటి ఘట్టంలో ఆవుల మంద కొట్టం నుండి వెలుపలికి వచ్చి, ఇండ్ల నడుమ తిరిగి పోవును. ఏడెనిమిది నిమిషాలు అంతే. నా ప్రక్కన కూర్చొన్న ఆయన గడియారం చూచుకొన్నాడు, నేనూ చూచుకొన్నాను. మూడవ గంట తరువాత ఇద్దరమూ చూచుకోలేదు.

లోపాలు లేవా? ఉన్నవి. సారాయి దుకాణంలో తాగి ఆడే ఘట్టం నాకు మితిమీరినదని తోచినది. పసిపిల్ల ఒక పిల్లిని బాధపెట్టే ఘట్టం చూచుట కష్టం. పిల్లికి హాని జరగలేదని దర్శకుడు చెప్పినాడు గాని, మనసు ఒప్పుకోదు. ఆ పిల్ల తానూ ఎలుకల మందు తినును. పిల్లలకు, మనసు నొచ్చి యున్నవారికి ఈ చిత్రం చూపరాదు.

చివరగా నా సొంత మాట. మా నాయనమ్మ గిరిమిటు మీద ఫిజీకి వచ్చిన మనిషి. ఆమె కథ మొదలుపెడితే ఓడ ఎక్కడానికి ముందే ప్రొద్దు క్రుంకేది. సంతలో దళారి ఏ చెట్టు క్రింద నిలిచినాడు, ఏమన్నాడు, తాను ఏమన్నది, వాడు మరల ఏమన్నాడు, అన్నీ చెప్పేది. మేము పిల్లలం విసుగుకొని, "ఓడ ఎక్కినావా లేదా, త్వరగా చెప్పు నాయనమ్మా" అనేవాళ్లం. ఆమె నవ్వి, "ఎక్కినాను లేరా" అని ముగించేది. ఓడ సంగతి పుస్తకాలలో దొరుకును. చెట్టు క్రింద వాడన్న మాటలు ఇప్పుడెక్కడా దొరకవు.

కనుక తమ్ముడా, చూడుము. ఇంటిలో ముక్కలు ముక్కలుగా కాక హాలులో చూడుము. చిత్రంలోనే రెండు విరామాలున్నవి. పులిహోర పొట్లం కట్టుకొని పొమ్ము. రామభజనకు రాత్రంతా దీపం చుట్టూ తిరిగిన వారి బిడ్డలం మనం. ఏడు గంటలు కూర్చొనలేమా?

అయితే ఒక నియమం. ఇంటిలో ఎనభై దాటిన పెద్దవారు ఎవరైనా ఉంటే మొదటి ఆదివారం వారికి ఇమ్ము. త్వరగా చెప్పుమని అనకుము. చిత్రం రెండవ ఆదివారం చూడవచ్చును.